పల్నాటి పల్లెల్లో సంధి పాఠాలు

నరసరావుపేటలో మాచర్ల బస్సు ఎక్కేసరికి ఫజర్ నమాజు ముగిసి గంట కూడా కాలేదు. మేము మదర్సా ఉపాధ్యాయులం ఇద్దరం. మాతో పద్నాలుగేళ్ల విద్యార్థి ఒకడున్నాడు. హిఫ్జ్ తరగతిలో అప్పటికి ఇరవై రెండు పారాలు కంఠస్థం చేశాడు. అతని స్వగ్రామం గురజాల ప్రాంతంలోని ఒక చిన్న పల్లె. 2024 మే 13న ఎన్నికలు జరిగాయి. ఆనాడు, ఆ తరువాతి రోజుల్లో మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాలు ఎంతగా అట్టుడికిపోయాయో పత్రికలు చదివినవారందరికీ తెలుసు. ఈ పల్లెలోనూ రెండు వర్గాలు కర్రలతో తలపడ్డాయి. పిల్లవాడి తండ్రికి చెయ్యి విరిగింది. ఆ రాత్రే కుటుంబమంతా ఇంటికి తాళం వేసి వేరే ఊరికి వెళ్లిపోయింది. చెయ్యి అతుక్కున్నది గాని తాళం తెరిచే ధైర్యం వారికి కలుగలేదు.

ఈ ప్రయాణానికి కారణం ఆ పిల్లవాడు పలికిన ఒక మాట. ఒకనాటి అసర్ వేళ తోటి విద్యార్థులు తమ ఊళ్ల గురించి ముచ్చటించుకొంటుండగా అతడు, “నా హిఫ్జ్ కానీ, అప్పుడు ఊరికి పోతా. మా నాయన చెయ్యి విరగ్గొట్టినోళ్ల లెక్క తేలుస్తా” అన్నాడు. ఆ మాట మా చెవిన పడింది. దివ్య ఖురాన్‌ను దాచుకొంటున్న గుండెలోనే పగ కూడా నివాసముంటున్నదని తెలిసి సిగ్గుపడ్డాము. రెండేళ్లుగా అతని సబఖ్ వింటున్నాము, తజ్వీద్ దిద్దుతున్నాము. అతని ఊరిలో ఏం జరిగిందని మాత్రం ఒక్కనాడూ అడిగి ఎరుగము.

మొదట మాకు తోచినది ఒక్కటే: ఆ ఊరి మసీదులో ఒక జుమా నాడు సంధి గురించి మంచి ప్రసంగం చేసి రావడం. మాతోటి ఉపాధ్యాయుడు ఆపాడు. “అక్కడ ఎవరికి ఎవరితో తగవో, ఎందుకు తగవో మనకు తెలుసా? నాడి చూడకుండా మందిచ్చే హకీము కావద్దు” అన్నాడు. హుజురాత్ సూరాను మరలా తెరిచి చూశాము. ఏళ్ల తరబడి బోధిస్తున్న సూరాయే అయినా ఆయతుల వరుసను ఆ దృష్టితో ఎన్నడూ గమనించలేదు. విశ్వాసులలో రెండు పక్షాలు పోరాడుకొంటే వారి మధ్య సంధి కుదర్చమనే ఆదేశం తొమ్మిదవ ఆయతులో ఉన్నది. దానికి ముందే, ఆరవ ఆయతులో, ఎవరైనా వార్త తెస్తే నిజానిజాలు నిర్ధారించుకోమనీ, లేకపోతే తెలియక ఒక జాతికి హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ హెచ్చరిక ఉన్నది. జకాత్ వసూలుకు బనూ ముస్తలిఖ్ తెగ వద్దకు బయలుదేరిన ఒక వ్యక్తి భయపడి మధ్యలోనే తిరిగి వచ్చి, వారు ఎదురుతిరిగారని చెప్పిన సందర్భాన్ని దీనికి నేపథ్యంగా చాలామంది వ్యాఖ్యాతలు పేర్కొన్నారు. విచారించగా అది నిజం కాదని తేలింది. ఒక యుద్ధం తప్పింది. అంటే విచారణ ముందు, సంధి తరువాత. ప్రసంగం ఆలోచన మాని, అడిగి తెలుసుకోవడానికి బయలుదేరాము.

కారంపూడిలో బస్సు దిగాము. దారి పొడవునా సాగర్ కుడి కాలువ నీటితో పండిన మిరప చేలు, పత్తి చేలు. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలతో నేల ఎర్రగా పరుచుకొని ఉన్నది. పల్నాడును నరసరావుపేట కేంద్రంగా ప్రత్యేక జిల్లాగా 2022 ఏప్రిల్‌లో ఏర్పాటు చేశారు గాని, ఆ పేరు వినగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది 12వ శతాబ్దం నాటి పల్నాటి యుద్ధమే. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు ఒకే తండ్రి బిడ్డలు. ఒక పక్షాన నాయకురాలు నాగమ్మ, మరొక పక్షాన బ్రహ్మనాయుడు నిలిచారు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్లు వలస పోయింది. గడువు తీరిన తరువాత రాజ్యభాగం అడగడానికి అలరాజును రాయబారిగా పంపారు. ఆ రాయబారి ప్రాణాలతో తిరిగి రాలేదని కథ. ఆపై కారంపూడి రణరంగంలో, నాగులేటి తీరాన, ఇరుపక్షాలూ నశించిపోయాయి. నేటికీ కార్తీక అమావాస్యకు ఇక్కడ వీరుల ఉత్సవాలు జరుగుతాయి.

వీరుల గుడి బయట చెట్టు నీడన కూర్చొని ఉన్న ఒక పెద్దాయనను పలకరించాము. మా గడ్డాలు, టోపీలు చూసి, “ఏ ఊరు సాయిబు గారూ?” అని ఆప్యాయంగా అడిగాడు. వచ్చిన పని చెప్పాము. కాసేపు మౌనంగా ఉండి, “ఈ ఊరి కథంతా మధ్యవర్తిని చంపబట్టే గదయ్యా! జాగ్రత్త” అన్నాడు.

ఆ మాట మమ్మల్ని హుదైబియా వద్దకు తీసుకొనిపోయింది. హిజ్రీ 6వ సంవత్సరంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) పంపిన రాయబారి హజ్రత్ ఉస్మాన్ (రజి) మక్కాలో హత్యకు గురయ్యారనే వార్త ముస్లింల శిబిరానికి చేరింది. సహాబాలు చెట్టు క్రింద ప్రతిజ్ఞ చేశారు. యుద్ధం తప్పదనే అనిపించింది. అంతలో ఆ వార్త వదంతి అని తేలింది, ఉస్మాన్ (రజి) క్షేమంగా తిరిగి వచ్చారు, సంధి కుదిరింది. పైకి ఓటమి వలె కనిపించిన ఆ సంధినే అల్లాహ్ స్పష్టమైన విజయమని పేర్కొన్నాడు. రాయబారి క్షేమంగా తిరిగివచ్చిన చోట సంధి, తిరిగిరాని చోట సర్వనాశనం. మధ్య నిలిచి మాట్లాడే మనిషి ప్రాణానికి ఎంత విలువ ఉన్నదో ఈ రెండు గాథలు ప్రక్కప్రక్కన పెట్టుకొంటే బోధపడుతుంది.

పల్నాటి గాథను పండితులు కూడా ఊరూరా తిరిగే నేర్చుకొన్నారు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి ప్రకటించారు. తరువాత జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు పల్నాడుకు వచ్చి, ఈ కథను తరతరాలుగా పాడుతున్న వీరవిద్యావంతుల నోట విని, రికార్డు చేసి, ఆంగ్లంలోకి అనువదించి 1982లో గ్రంథంగా వెలువరించారు. గాయకుని ముందు శిష్యుని వలె కూర్చొని వినడమే ఆయన పరిశోధన. అయితే గాథను సేకరించేవాడు విని వెళ్లిపోవచ్చు. కొట్లాట జరిగిన ఊరిలో విన్నవానికి ఆ వీలు లేదు. విన్నదానితో ఏం చేయాలనే ప్రశ్న వెంటాడుతుంది.

ఆ ప్రశ్నకు జవాబు వెదికిన పెద్దలు మన తెలుగునాట ఉన్నారు. గురజాల నుండి మాచర్ల పోయే దారిలో రెంటచింతల ఉన్నది. ఆ మండలంలోని తుమృకోట గ్రామస్థుడు అక్కిరాజు హరగోపాల్. రామకృష్ణ అనే పేరుతో మావోయిస్టు నాయకుడై, 2004 అక్టోబరులో నల్లమల అడవి నుండి బయటకు వచ్చి, హైదరాబాదులో ప్రభుత్వంతో చర్చలకు కూర్చున్న బృందానికి నాయకత్వం వహించాడు. అక్టోబరు 15 నుండి 18 వరకు ఆ చర్చలు జరిగాయి. వాటికి బాట వేసినది 1997లో ఏర్పడిన పౌర స్పందన వేదిక. దానికి ముందు నిలిచినవారు ఎస్.ఆర్. శంకరన్. ఐ.ఎ.ఎస్. అధికారిగా ఉన్నప్పుడు 1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు వద్ద నక్సలైట్లు అపహరించిన అధికారులలో ఆయన కూడా ఒకరు. తనను బందీగా పట్టుకొన్నవారిపై పగ పెంచుకొనే బదులు, ఈ హింస ఎందుకు పుట్టిందని ఆయన అడిగారు. పదవీ విరమణ తరువాత పత్రికా సంపాదకులు పొత్తూరి వెంకటేశ్వరరావు మొదలైన పెద్దలతో కలిసి తెలంగాణ పల్లెలు తిరిగారు. పోలీసు కాల్పులలో బిడ్డలను కోల్పోయిన తల్లుల మాటా విన్నారు, నక్సలైట్ల చేతిలో భర్తలను కోల్పోయిన భార్యల మాటా విన్నారు. విన్నదానిని నివేదికలుగా వ్రాసి ఇరుపక్షాల ముందూ ఉంచారు. రెండు పక్షాలూ వారిని అనుమానించాయి. ఆ చర్చలు నిలువలేదు. 2005 జనవరికి తెగిపోయాయి, మరలా తుపాకులు మోగాయి. అయినా కొన్ని నెలలపాటు తుపాకులు చాలావరకు మౌనం వహించాయన్నది వాస్తవం. ఆ కాలంలో బతికి బయటపడ్డ ఒక్క ప్రాణమైనా ఆ పెద్దల శ్రమకు సాఫల్యమే. శంకరన్ 2010లో కన్నుమూశారు.

మన సముదాయంలోనూ ఇటువంటి ఆదర్శం ఉన్నది. కెన్యా దేశపు ఈశాన్యంలో వజీర్ అనే ప్రాంతంలో సోమాలీ ముస్లిం తెగలు 1990ల ఆరంభంలో ఒకరినొకరు చంపుకొన్నారు. దేఖా ఇబ్రహీం అబ్ది అనే ముస్లిం మహిళ మరికొందరు స్త్రీలతో కలిసి, ఏ తెగ స్త్రీ అయినా నిర్భయంగా కొని అమ్ముకొనే స్థలంగా సంతను నిలపడంతో పని ప్రారంభించింది. తరువాత తెగల పెద్దల వద్దకు, యువకుల వద్దకు, అధికారుల వద్దకు వెళ్లారు. ఎక్కడ పశువుల దొంగతనం జరిగినా, హత్య జరిగినా, వదంతి పాకేలోపే అక్కడికి చేరి వాస్తవం కనుగొనేవారు. 2007లో ఆమెకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది. 2011లో ఆమె పరమపదించింది. సంధి పని చేయడానికి గడ్డం, తలపాగా తప్పనిసరి కావని ఆమె జీవితం మావంటి వారికి నేర్పుతుంది.

ఇక మా విద్యార్థి పల్లె సంగతి. రెండు వర్గాలూ ముస్లిం కుటుంబాలే. దాయాదులు, ఇచ్చిపుచ్చుకొన్న వియ్యపువారు. మగవారిని అడిగితే అందరూ ఒకే మాట చెప్పారు: “పార్టీల గొడవ హజ్రత్! వాళ్లది ఆ పార్టీ, మాది ఈ పార్టీ.” ఇరువైపులా కేసులు, ప్రతికేసులు ఉన్నాయి. మొదటి రోజు మేము అంతే తెలుసుకొని వచ్చాము. రెండవసారి వెళ్లినప్పుడు మా సహోపాధ్యాయుని భార్య కూడా వచ్చింది. ఆమె ఆలిమా, బాలికల విభాగంలో బోధిస్తుంది. ఆమె రెండు ఇళ్ల వంటగదుల్లో కూర్చొని ఆడవారితో మాట్లాడింది. సాయంత్రానికి అసలు కథ బయటపడింది. ఇరువురి పొలాలకూ నీళ్లు వచ్చేది ఒకే బోదె నుండి. పై చేను ఒకరిది, చివరి చేను మరొకరిది. ఒక ఏడాది వంతు తప్పి చివరి చేనికి నీళ్లందక మిరప తోట ఎండిపోయింది. అప్పు మిగిలింది. ఆ కోపంతో మరుసటి ఏడు నిఖాకు పిలుపు వెళ్లలేదు. పిలుపు రానివారు రెండవ పార్టీలో చేరారు. ఎన్నికలు రాకముందే కట్టెలు పేర్చి ఉన్నాయి. ఎన్నికల నాడు నిప్పు తగిలింది.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఎవరు ఏమి చెప్పారో మరచిపోకుండా ఉండాలని ఒక లాంగ్ నోటుబుక్కులో పేర్లతో సహా వ్రాసుకొన్నాము. టీ కొట్టు బల్లపై దానిని పెట్టి జుహర్ నమాజుకు వెళ్లాము. తిరిగి వచ్చేసరికి ఎవరో కుర్రవాడు తిరగేసి చూశాడు. సూర్యాస్తమయానికల్లా, “ఈ హజ్రత్‌లు పోలీసులకు పేర్లు రాసిస్తున్నారు” అనే మాట ఊరంతా పాకింది. ఉదయం మాకు మజ్జిగ ఇచ్చిన ఇంట్లోనే తలుపు మూసుకొన్నారు. అంతకంటే ఘోరం, బోదె సంగతి చెప్పిన ఒక కోడలిని ఇంట్లోవారు నిలదీశారట. నిజం తెలుసుకోవాలనే మా ఆత్రుత ఒక స్త్రీకి కష్టం తెచ్చింది. ఎదుటి వర్గపు పెద్దాయన మా ముఖం మీదనే, “ముందు ఆ పుస్తకం సంగతి చూడండి హజ్రత్, తరువాత సంధి సంగతి మాట్లాడదాం” అన్నాడు. పేర్లు ఉన్న పుటలన్నీ అతని ముందే చించివేశాము. ఆ కోడలి ఇంటికి మా ఆలిమా మరలా వెళ్లి, ఆ మాట నలుగురి నోటా విన్నదేనని చెప్పి సర్ది వచ్చింది. ఆనాటి నుండి వినడమే గాని పేర్లు వ్రాయడం మానుకొన్నాము. ఒకరి నోట విన్నది మరొక ఇద్దరి వద్ద నిలిస్తేనే నమ్మాము, ఎవరు చెప్పారన్నది మాత్రం మాలోనే ఉంచుకొన్నాము. హదీసు విద్యార్థులకు ఉల్లేఖకుల పరంపరను పేరుపేరునా చెప్పడం నేర్పే మాకు, పేరు దాచడం కూడా ఒక అమానత్ అని ఈ పల్లె నేర్పింది.

మూడవసారి రెండు పక్షాల పెద్దలనూ కూర్చోబెట్టాము. ఎవరి ఇంట్లో కూర్చుందామన్నా మరొకరు ఒప్పుకోలేదు. మసీదు కమిటీ ఒక వర్గం చేతిలో ఉండటం వలన అక్కడా కుదరలేదు. చివరకు రెండు వర్గాల పిల్లలకూ అక్షరాలు నేర్పిన ఒక హిందూ విశ్రాంత ఉపాధ్యాయుని వాకిట్లో, వేపచెట్టు క్రింద కూర్చున్నారు. అసర్ నుండి ఇషా వరకు మాటలు సాగాయి. మూడు విషయాలు కుదిరాయి. బోదె నీటి వంతు రోజుల వారీగా కాగితంపై వ్రాసి ఇరువైపులా సంతకాలు చేశారు. వెళ్లిపోయిన కుటుంబం వచ్చి పొలం చేసుకొంటే, ఇల్లు బాగుచేసుకొంటే అడ్డు చెప్పమన్నారు. రెండవ వర్గం గురించి ఫోన్లలో ఏదీ పంపకూడదని యువకులు మాట ఇచ్చారు.

కుదరనిది కూడా ఉన్నది. పిల్లవాడి తండ్రి, “చెయ్యి విరిగిన కేసు నేను వెనక్కి తీసుకోను” అన్నాడు. ఎదుటివారు క్షమాపణ చెప్పలేదు. మేము ఒత్తిడి చేయలేదు. అదే తొమ్మిదవ ఆయతు సంధిని న్యాయంతో చేయమంటుంది. దెబ్బ తిన్నవాని నోరు మూయించి, చేతులు కలిపించి, ఫోటో తీసుకోవడం సంధి కాదు. చిన్న తగవులైతే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. తీవ్రమైన నేరాలను న్యాయస్థానమే తేల్చాలి. పెద్దమనుషుల పంచాయితీ చట్టానికి ప్రత్యామ్నాయం కారాదు.

మరుసటి ఉదయం ఆ ఇంటి తాళం తీశారు. తుప్పు పట్టి ఉండటంతో నూనె పోసి తీయవలసి వచ్చింది. తల్లి వాకిలి ఊడుస్తుండగా ఎదుటి వర్గపు పిల్లవాడొకడు గోడ ప్రక్కన నిలబడి చూస్తున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చొని చదువుకొన్నవారే. చాలాసేపటికి వాడు, “ఎన్ని పారాలు అయినాయిరా?” అని అడిగాడు. మావాడు నేల చూస్తూ, “ఇరవై నాలుగు” అన్నాడు. అంతకు మించి ఆనాడు వారు మాట్లాడుకోలేదు.

తిరుగు ప్రయాణంలో పిల్లవాడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు: “హజ్రత్, రెండు వైపులా దెబ్బలు తగిలినప్పుడు ముందు ఎవరు వదులుకోవాలి?” మేము అతనికి హజ్జతుల్ విదా ప్రసంగాన్ని గుర్తు చేశాము. అజ్ఞాన కాలపు రక్త ప్రతీకారాలన్నీ రద్దయ్యాయని ప్రవక్త (స) అరఫాత్‌లో ప్రకటించినప్పుడు, మొట్టమొదట రద్దు చేసినది తమ సొంత కుటుంబానికి రావలసిన రక్తపు బాకీనే, రబీఅ బిన్ హారిస్ కుమారునిది. ఎదుటివారిని ముందు వదులుకోమని ఆయన (స) అడుగలేదు. పిల్లవాడు కిటికీ బయటకు చూస్తూ ఉండిపోయాడు. అతడు క్షమించాడని మేము అనము. అది అతనికీ అల్లాహ్‌కూ మధ్య విషయం. అయితే లెక్క తేలుస్తాననే మాట ఆ తరువాత అతని నోట మేము వినలేదు.

పాఠక సోదర సోదరీమణులారా! ప్రజల మధ్య సంబంధాలను చక్కదిద్దడం నఫిల్ ఉపవాసాల కంటే, నమాజుల కంటే, దానాల కంటే శ్రేష్ఠమైన పని అనే భావం గల హదీసును మనమందరం విన్నవారమే. ఆ పని పెద్ద సభలలో మొదలు కాదు. మీ ఇంట్లో దాయాది గురించి ఒక మాట వినిపించినప్పుడు, ఫోనుకు ఒక వీడియో వచ్చినప్పుడు, ఇది నిజమేనా అని పిల్లల ఎదుట ఒక్కసారి అడగండి. మీ బిడ్డ ఎవరిపైనైనా పగ దాచుకొన్నాడేమో మెల్లగా కనుక్కోండి. తగవు తీర్చబోతే ముందు ఇరువైపులా వినండి, ముఖ్యంగా ఆడవారి మాట వినండి. విన్నదానిని కాపాడండి.

ఆ పల్లెలో ఇప్పుడు బోదె నీళ్లు వంతు ప్రకారం పారుతున్నాయని కబురు వచ్చింది. కోర్టు వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. రమజాను తరువాత మరలా వెళ్లాలనుకొంటున్నాము, ఇన్‌షా అల్లాహ్. కలిసిన మనసులను కలిపి ఉంచమనీ, కలియని వాటిని దగ్గర చేయమనీ ఆ పల్లె కోసం మీరూ దుఆ చేయండి. ఆమీన్.